నల్గొండల ఓ ఫారిన్ ఎడ్యుకేషన్ కన్సల్టెన్సీ రివ్యూ: ఒక్క సీ గ్రేడ్ పట్టుకోని మొత్తం మెమోకు రేటు కట్టిండ్రు

రేటింగ్ 5కు 2. ఆ రెండు గూడ లోపలి రూంల కూసోని ఫైళ్లు చూసే అక్కకే, ముందట ఏసీల కూసున్న కౌన్సిలర్‌కు సున్నా. పేరు రాస్తలేను, ఎందుకంటే ఇది ఒక్క ఆఫీస్ కథ కాదు, నల్గొండల అడిగినా మిర్యాలగూడల అడిగినా అటు మహబూబ్‌నగర్ పోయి అడిగినా బోర్డు మారుతది గని లోపలి మాట దగ్గర దగ్గర ఒక్కతీరే ఉంటదని మా దోస్తులు చెప్తున్నరు. బీటెక్‌ల ఏదన్న గట్టి సబ్జెక్ట్‌ల సీ వచ్చినోళ్లు, సప్లీ రాసి గట్టెక్కినోళ్లు ఎమ్మెస్‌కు పోదామని ఇసుంటి ఆఫీస్ మెట్లు ఎక్కేముందు ఒక్కసారి ఇది చూడుండ్రి. పొడుగైతది, ఓపిక లేనోళ్లు మధ్యల లెక్క ఉన్న కాడ చదివినా చాలు.

మాది చండూరు దిక్కు. నాయినకు మూడెకరాల బత్తాయి తోట, మిగతాది పత్తి. నేను 2020 బ్యాచ్, జేఎన్టీయూ కింద ఉన్న కాలేజ్, ఈసీఈ, ఆర్18 రెగ్యులేషన్, 2024ల పాసైన. సీజీపీఏ 7.62, బ్యాక్‌లాగ్ ఒక్కటి లేదు. గని 2-1ల, అంటే రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌ల, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌ల సీ పడ్డది. ఇంటర్నల్ 19, ఎక్స్‌టర్నల్ 27, మొత్తం 46. ఎక్స్‌టర్నల్‌ల 75కు 26 వస్తేనే పాస్ గదా, అంటే ఒక్క మార్కు ఎక్కువొచ్చి బతికిన. ఆ సెమిస్టర్‌ల మాకు ఆ సబ్జెక్ట్ చెప్పే సార్లు ముగ్గురు మారిండ్రు, అది నిజమే, గని మిడ్స్ ముందట మేం గ్యాంగ్ కట్టి చెర్వుగట్టు జాతరకు పోయి రెండు రోజులు అక్కడ్నే తిరిగింది గూడ నిజమే. పరీక్షల రెండు పల్స్‌లు ఇచ్చి కన్వల్యూషన్ చేయమన్నడు, రెండిటి వెడల్పు వేరే వేరే ఉంది, అట్లుంటే ట్రెపీజియం రావాలె, నేను చక్కగ ట్రయాంగిల్ గీసి స్కేల్‌తోని అండర్‌లైన్ గూడ కొట్టి వచ్చిన. రిజల్ట్ వచ్చినంక 1000 కట్టి రీవాల్యుయేషన్ పెట్టిన, నో చేంజ్ అని వచ్చింది. పాసైన సబ్జెక్ట్ మల్ల రాస్తనంటే కుదరదన్నరు. ఫెయిలైతెనే మంచిగుండు, సప్లీల కుమ్మేటోన్ని అని హాస్టల్‌ల అందరం నవ్వుకున్నం గని లోపల మాత్రం అది అట్లనే గుచ్చుకోని ఉండిపోయింది.

ఇగ ఆఫీస్‌కొస్తే. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్ల పొంటి వీసా పట్టుకోని నవ్వుతున్న పిల్లల ఫొటోలు. నాయిన గూడ వచ్చిండు, చేతిల సంచి, సంచిల మన తోట కాయలు ఓ డజను, ఎవరింటికి పోయినా ఆయనకు అదొక అలవాటు. టీ ఇచ్చిండ్రు, బాగుంది, ఆ విషయంల వంక పెట్టేది లేదు. కౌన్సిలర్ మాకంటే ఓ నాలుగేండ్లు పెద్ద ఉంటడు, బ్లేజర్ ఏసుకున్నడు మే నెలల. మెమోల జిరాక్స్ సెట్ ఇచ్చిన, ఎనిమిది సెమిస్టర్లు. మొదటిది చూసిండు, ఊఁ అన్నడు. రెండోది ఊఁ. మూడోది తీసి ఆగిండు, జేబుల నుంచి ఎర్ర పెన్ను తీసి ఆ సీ చుట్టూ గుండ్రంగ గీసిండు, ఒక్కసారి కాదు మూడుసార్లు, కాయితం చినిగేటట్టు. మిగిలిన ఐదు మెమోలు తెరువనే లేదు. పెన్ను క్యాప్ పెట్టి నాయిన దిక్కు చూస్కుంట, "అంకుల్, ప్రొఫైల్ మంచిదే గని ఇది కోర్ సబ్జెక్ట్, అమెరికాల కోర్‌ల సీ అంటే ఫెయిల్ లెక్కనే, మంచి యూనివర్సిటీలు ఫైల్ తెరువయి" అన్నడు.

నాయినకు ఇంగ్లీషు రాదు. ఎర్ర గుండ్రం మాత్రం కనపడ్డది. "ఏందిరా అది?" అని నన్ను అడిగిండు, నాకు నోరు రాలే.

తర్వాత మొదలైంది అసలు బేరం. ముందు ఫ్రీ అన్న కన్సల్టెన్సీ గిప్పుడు నా సీ గ్రేడ్ వల్ల "స్పెషల్ కేస్" అయ్యింది, స్పెషల్ కేస్‌కు ప్రీమియం ప్యాకేజ్, 18 వేలు. అందుల ఎస్ఓపీ (ఎందుకు చదువుతున్నమో మన గురించి మనం రాసే ఉత్తరం) వాళ్లే రాస్తరు, ఎల్ఓఆర్‌లు (మన గురించి సార్లు రాసే సిఫారసు ఉత్తరాలు) వాళ్లే రాస్తరు, సార్ల సంతకం గురించి నువ్వు టెన్షన్ పడకు అన్నడు, ఆ మాటకు అర్థం ఏందో అప్పుడు సమజ్ కాలే. యూనివర్సిటీల లిస్ట్ ఒకటి ముందట పెట్టిండు, ఐదున్నయి, "సీ ఉన్నోళ్లకు గూడ ఇచ్చేటియి ఇవే" అన్నడు. ఇంటికొచ్చినంక చూసిన, ఐదుట్ల నాలుగు కన్సల్టెన్సీలకు కమిషన్ ఇచ్చేటియే. కమిషన్ తీసుకునుడు తప్పేం కాదు, ఆ ధంధా నడిచేదే అట్ల, పిలగాడు ఫీజు కడితె ఏజెంట్‌కు వాటా పోతది. గని అది నాకు చెప్పకుండ నా మెమో మీద ఎర్ర గీత పెట్టి ఆ లిస్ట్ అంటగట్టిండు, నా నొప్పి అదే.

బస్సుల కిటికీ కాడ కూసోని నాయిన చాలాసేపు ఏం అనలే. మునుగోడు దాటినంక అన్నడు. "బేరగాడు తోటకొస్తె గిట్లనే చేస్తడురా. రాశిల ఏడనో మంగు పట్టిన కాయ ఒక్కటి ఉంటది, గదాన్నే ఏరి చేతుల పట్టుకుంటడు. మనతోని మాట్లాడినంతసేపు దాన్నే తిప్పుకుంట ఉంటడు. రాశంత గట్లనే ఉన్నదని నమ్మిచ్చి రేటు కోస్తడు. కోసినంక ఆ కాయను గూడ లారీలనే ఏసుకపోతడు." తెల్వనోళ్లకు చెప్తున్న, మంగు అంటే నల్లి పట్టి కాయ తోలు గోధుమ రంగు తిరుగుడు, లోపల రసం మంచిగనే ఉంటది, సూపుకు ఆనది అంతే.

ఆ రాత్రి కాల్‌క్యులేటర్ పట్టుకోని కూసున్న. ఈ పని ముందే చేయాల్సింది. ఆర్18ల మొత్తం 160 క్రెడిట్లు. సిగ్నల్స్ 4 క్రెడిట్లు. సీ అంటే 5 పాయింట్లు, నా మిగతా సబ్జెక్ట్‌ల మాదిరి ఏ వచ్చి ఉంటే 8. తేడా 3, దాన్ని 4తోని గుణిస్తే 12, 160తోని భాగిస్తే 0.075. అంటే ఆ సీ లేకుంటే నా సీజీపీఏ 7.62 కాకుండ 7.695 అయ్యేది. మన జేఎన్టీయూ ఫార్ములా ప్రకారం సీజీపీఏల నుంచి 0.5 తీసి పదితోని గుణిస్తే పర్సెంటేజ్, ఇప్పుడున్నది 71.2, అప్పుడైతె 71.95. ముప్పావు పర్సెంట్! రెండేండ్లు నన్ను నిద్ర పోనియ్యని దాని బరువు ముప్పావు పర్సెంట్. కౌన్సిలర్ ఇంకో మాట గూడ అన్నడు, అమెరికాల 4 పాయింట్ల స్కేల్‌ల 3.0 కిందికి పడ్తవని, ఆయన తీరు మొరటుగ 7.62ను 10తోని భాగిచ్చి 4తోని గుణిచ్చినా 3.05 వస్తది, పడలే. అయినా అట్ల మార్చుడు తక్కువ, చానా యూనివర్సిటీలు మీ స్కేల్‌ల ఉన్నది ఉన్నట్టే ఎంటర్ చేయమంటయి, వెస్ (మన మార్కులను అమెరికా లెక్కల మార్చి ఇచ్చే సంస్థ) అడిగే కాడైతె వెస్ వాళ్లు ఒక్కో సబ్జెక్ట్‌ను విడివిడిగ క్రెడిట్లతోని మార్చి రిపోర్ట్ ఇస్తరు.

జర్మనీ అనుకుంటున్నోళ్లకు గూడ లెక్క చెప్త, మా రూమ్మేట్ అటే పోయిండు. అక్కడ బవేరియన్ ఫార్ములా అంటరు, పెద్ద గ్రేడ్‌ల నుంచి నీ గ్రేడ్ తీసేయాలె, దాన్ని పెద్ద గ్రేడ్‌కు పాస్ గ్రేడ్‌కు మధ్య తేడాతోని భాగించాలె, 3తోని గుణించి 1 కలపాలె. పాస్ గ్రేడ్ 5 అనుకోని నా 7.62 పెడితె 2.43, సీ లేకుంటే 2.38. అక్కడ తక్కువ ఉంటేనే మంచిది. చానా కోర్సులు 2.5 కాడ గీత గీస్తయి, రెండు లెక్కలు గూడ గీత లోపల్నే. అక్కడ ఇంకో ముచ్చట, 2022 నవంబర్ నుంచి ఇండియా పిల్లలకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన కాయితాలు అసలైనవేనని జర్మనీ వాళ్లు చూసి ఇచ్చేది) తప్పనిసరి, దానికి అన్ని మెమోలు పెట్టాల్సిందే, ఒక సబ్జెక్ట్ దాచుకుందామంటే నడవది.

ఇంతవరకు చదివి అయితె సీ గ్రేడ్‌తోని ఏం కాదన్నట్టేనా అని అడుగుతరేమో, అట్ల గూడ కాదు. కౌన్సిలర్ భయపెట్టిన కాడ భయం లేదు, ఆయన చెప్పని కాడ ఉంది.

ఒకటి గీత మీద ఉన్నోళ్లకు. మా క్లాస్‌మేట్ ఒకామె సీజీపీఏ 6.54. మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధికి అప్లై చేసింది, బీసీ పిల్లలకు మన స్టేట్ ఇచ్చే 20 లక్షల స్కీం, దానికి డిగ్రీల 60 పర్సెంట్ ఉండాలె. 6.54 అంటే 60.4. అదే ఆమెకు ఏదో ఒక నాలుగు క్రెడిట్ల సబ్జెక్ట్‌ల ఇంకో రెండు గ్రేడ్లు దిగి ఉంటే 0.05 పోయేది, 6.49, అంటే 59.9. ఫామ్ గూడ పడకపోవు. ఎన్ఐటీల ఎంటెక్‌కు సీసీఎంటీ కౌన్సెలింగ్‌ల పోయేటోళ్లకు గూడ ఇదే కథ, జనరల్‌కు 6.5 సీజీపీఏ లేకుంటే 60 పర్సెంట్, ఎస్సీ ఎస్టీలకు 6.0 లేకుంటే 55, ఆ గీత దాటినంక మీ గేట్ స్కోరే మాట్లాడుతది, 2-1ల ఏం వచ్చిందని అడిగేటోడు ఉండడు. అమెరికాల చానా గ్రాడ్యుయేట్ స్కూళ్లకు 3.0 అట్లాంటి గీత. గీతకు దూరం ఉన్నోనికి ముప్పావు పర్సెంట్ అంటే చిల్లర, గీత మీద నిలబడ్డోనికి అదే 20 లక్షలు.

రెండోది ఏ కోర్సుకు పోతున్నవ్ అన్నది. నా సీ డేటా సైన్స్‌కు పోతనంటే ఒక తీరు, సిగ్నల్ ప్రాసెసింగ్‌కు పోతనంటే ఇంకో తీరు. యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీస్ వాళ్లు గీత చూసి పంపినంక ఫైల్ పోయేది డిపార్ట్‌మెంట్‌ల ప్రొఫెసర్ల కాడికి, వాళ్లు సీజీపీఏ చూసి ఊకోరు, వాళ్ల సబ్జెక్ట్ వరుస చూస్తరు. సిగ్నల్స్ మీద డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) నిలబడుతది, డీఎస్పీ మీద ఇమేజ్ ప్రాసెసింగ్, కమ్యూనికేషన్ అంతా. కింది మెట్టు ఊగుతుంటే పైమెట్టు గురించి అనుమానం రాదా? పీహెచ్‌డీకి పోయేటోళ్లకు ఇది ఇంకా ఎక్కువ, అక్కడ ఒక ప్రొఫెసర్ తన ల్యాబ్‌ల పెట్టుకునే మనిషిని ఏరుకుంటడు, ఒక్కో లైను చదువుతడు. ఇక్కడ నాయిన మాటకు ఇంకో ముక్క కలపాలె, ఆయనే తర్వాత అన్నడు, మంగు ఒక కాయకుంటే ఏం కాదు, కొమ్మంత ఉంటే మందు కొట్టాల్సిందే అని. నా మెమోల కొమ్మ సంగతి ఏందంటే, 3-2ల డీఎస్పీల నాకు ఏ ప్లస్. ఆ మెమో కౌన్సిలర్ తెరువని ఐదుట్లనే ఉంది.

ఇగ ఎస్ఓపీ గురించి, ఇది మాత్రం తిట్టాల్సిందే. ప్యాకేజ్ కట్టలే గని శాంపిల్ చూస్తవా అంటే చూసిన. అందుల నా పేరు మీద ఏం రాసిండ్రంటే, 2-1 సెమిస్టర్‌ల నాకు డెంగీ వచ్చి 21 రోజులు హాస్పిటల్‌ల ఉన్ననంట, "మరణపు అంచులు" చూసిననంట, అక్కడ బెడ్ మీద పండుకోని సిగ్నల్ ప్రాసెసింగ్ మీద ప్రేమ పుట్టిందంట. నేను పుట్టినంక హాస్పిటల్‌ల ఒక్క రాత్రి పండుకోలే. ఇట్ల ఎట్ల అంటే, "అందరిది ఇదే పెడ్తం, ఎవరు చెక్ చేయరు" అన్నడు. పక్క కుర్చీల కూసున్న పిలగాని ఎస్ఓపీల గూడ డెంగీయే, వానిది హాలియా, వానికి 18 రోజులు. నల్గొండ జిల్లాల ఈసీఈ పిల్లలందరికి ఒక్కటే సెమిస్టర్‌ల దోమ కుట్టిందా అని అడిగేటోడు అక్కడ ఉండడా? నవ్వులాట కాదు, యూనివర్సిటీకి పోయిన కాయితాలే రేపు వీసా ఇంటర్వ్యూల గూడ మాట్లాడుతయి. వీసా కోసం దొంగ కాయితం పెట్టిండు, అబద్ధం చెప్పిండు అని తేలితే అమెరికా చట్టంల జీవితాంతం లోపలికి రానియ్యరు, వెయివర్, అంటే మినహాయింపు, దొరకుడు మామూలు ముచ్చట కాదు. సార్ల సంతకం టెన్షన్ పడకు అన్నదానికి గూడ అప్పుడు అర్థమైంది, సార్ పేరు మీద వాళ్లే మెయిల్ ఐడీ ఓపెన్ చేసి ఎల్ఓఆర్ అప్‌లోడ్ చేస్తరంట. దండం పెట్టి బయటికొచ్చిన.

నేను చేసుకున్నది చెప్త, అందరికి సరిపోతదని కాదు. ముందు డీఎస్పీ చెప్పిన సార్ కాడికి పోయిన, ఆయన ఇప్పుడు వేరే కాలేజ్‌ల ఉన్నడు ఇబ్రహీంపట్నం దిక్కు. సార్, నాకు సిగ్నల్స్‌ల సీ, మీ దాంట్ల ఏ ప్లస్, మీరు ఎల్ఓఆర్ ఇస్తరా అంటే నవ్విండు, "నీ సీ నాకెందుకు చెప్తున్నవ్" అన్నడు. చెప్పాలె సార్, ఎందుకంటే వాళ్లు చూస్తరు, మీరు దాని గురించి ఒక్క మాట రాస్తే నేను పది మాటలు రాసినదాని కంటే ఎక్కువ అన్న. రాసిండో లేదో నాకు తెల్వదు, ఎల్ఓఆర్ మనం చూడం గదా, గని గంటసేపు కూసోబెట్టి బోర్డు మీద కన్వల్యూషన్ చెప్పిచ్చుకున్నడు నాతోని, ట్రెపీజియం ఈసారి కరెక్ట్ వచ్చింది. తర్వాత ఎన్‌పీటీఎల్‌ల (ఐఐటీ సార్లు ఆన్‌లైన్‌ల చెప్పే కోర్సులు) సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ 12 వారాల కోర్సు కట్టిన. వీడియోలు ఫ్రీ, పరీక్ష రాయాలంటే 1000, సెంటర్‌కు పోయి కంప్యూటర్ మీద రాయాలె, అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 లెక్క. నాకు 81 వచ్చింది, సర్టిఫికెట్ మీద ఎలీట్, సిల్వర్ అని పడ్డది. రీవాల్యుయేషన్‌కు వెయ్యి, దీనికి వెయ్యి, ఏ వెయ్యి పనికొచ్చిందో చూస్కోండి. పరీక్ష రోజు పొద్దున నాలుగున్నరకు లేసి చండూరు నుంచి హైదరాబాద్ పోయిన, సెంటర్ గేట్ కాడ మా బ్యాచోళ్లు ముగ్గురు కనపడ్డరు, ఒక్కొక్కనికి ఒక్కో సబ్జెక్ట్‌ల సీ.

ఎస్ఓపీల ఈ సంగతికి రెండంటే రెండే వాక్యాలు పెట్టిన. రెండో సంవత్సరంల ఈ సబ్జెక్ట్‌ల నా పునాది బలంగ లేకుండె, అది మెమోల కనిపిస్తది, తర్వాత డీఎస్పీల, ఎన్‌పీటీఎల్‌ల, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌ల దాన్ని మల్ల నేర్చుకున్న, అంతే. సార్లు మారిన సంగతి రాయలే, జాతర సంగతైతె అసలే రాయలే. ముందు రాసిన డ్రాఫ్ట్‌ల దీని మీదనే పేజీ నింపిన, మా బావ చదివి, "ఏందిరా ఇది అప్లికేషనా క్షమాపణ పత్రమా" అన్నడు, తీసేసిన. ప్రాజెక్ట్ గురించి ఎక్కువ రాసిన, బోరు మోటరు శబ్దం రికార్డ్ చేసి బేరింగ్ పోతున్నదా లేదా ముందే చెప్పే ప్రాజెక్ట్ మాది, ఎఫ్ఎఫ్‌టీ (శబ్దంల ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో విడగొట్టే లెక్క) మీదనే నడుస్తది, మా తోటల మోటరు మీదనే టెస్ట్ చేసినం.

ఇంకొకటి, రెండు యూనివర్సిటీల గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్లకు నేనే మెయిల్ పెట్టిన, ఇట్ల ఒక కోర్ సబ్జెక్ట్‌ల తక్కువ గ్రేడ్ ఉంది, అప్లై చేయొచ్చా అని. ఒకామె మూడు రోజులకు జవాబిచ్చింది, ఒక్క గ్రేడ్ చూసి ఎవర్ని తీసేయం, ఫైల్ మొత్తం చూస్తం, ఎస్ఓపీల క్లుప్తంగ చెప్పు అని. రెండో కాడ నుంచి వెబ్‌సైట్ చూడు అని లింక్ వచ్చింది. మెయిల్‌కు రూపాయి ఖర్చు లేదు. 18 వేల ప్యాకేజ్‌ల ఈ ముచ్చట లేదు.

రిజల్ట్ చెప్పకుంటే రివ్యూ కాదు. ఫాల్ 2025కు, అంటే ఆగస్టు దిక్కు మొదలయ్యే సెమిస్టర్‌కు, ఏడు యూనివర్సిటీలకు పెట్టిన, వాళ్ల లిస్ట్‌ల ఉన్నది ఒక్కటే, మిగతా ఆరు నేను ఏరుకున్నయి. మూడు అడ్మిట్లు, మూడు రిజెక్ట్‌లు, ఒకటి ఇప్పటిదాక ఉలుకు లేదు పలుకు లేదు. అడ్మిట్లల రెండు నేను ఏరుకున్నయే, టెక్సాస్‌ల ఒకటి, మిడ్‌వెస్ట్‌ల ఒకటి. రిజెక్ట్ అయిన వాట్ల ఒకటి అచ్చంగ సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రోగ్రాం, కారణం చెప్పరు గని అక్కడ ఆ సీ నాకు అడ్డం పడే ఉంటదనే నేననుకుంటున్న, పడ్డా తప్పనను. మిగతా రెండు రిజెక్ట్‌లు పెద్ద పేరున్నయి, అక్కడ 9.5 ఉన్నోళ్లే లైన్ల ఉంటరు, సీ మీద తోసేస్తే నన్ను నేను మోసం చేసుకున్నట్టు.

అక్కడికి పోయినంక సంగతి గూడ ఎవ్వరు చెప్పరు, నేను చెప్త. ఇక్కడ సీ అంటే పాస్. అక్కడ మాస్టర్స్‌ల చానా కాడ యావరేజ్ 3.0 కింద పడితే ప్రొబేషన్ల పెడ్తరు, 3.0 లేకుంటే డిగ్రీ చేతికి రాదు, అంటే యావరేజ్‌న బీ ఉండాలె, సీ ఒకటొస్తే దాన్ని లేపడానికి ఇంకోదాంట్ల ఏ తెచ్చుకోవాలె. కౌన్సిలర్ "అమెరికాల సీ అంటే ఫెయిల్ లెక్క" అన్న మాట ఎక్కడ్నో ఇక్కడిదే విని ఉంటడు, అది పోయినోళ్లకు చెప్పే మాట, పోయేటోళ్లకు కాదు.

ఇగ ఆ రెండు స్టార్లు ఎందుకంటే. లోపల ఫైళ్లు చూసే అక్క ఉంది, ఒంటి మీద బ్లేజర్ లేదు, ముందట నాలుగు ఫైళ్ల కుప్ప, ఒక స్టేప్లర్. ప్యాకేజ్ కట్టనన్నంక గూడ నా ఫైల్ చూసింది, మామూలు అప్లికేషన్ ఫ్రీ గదా అని. నా ఎస్సెస్సీ మెమోల ఇంటిపేరు ముందుంది పూర్తిగ, బీటెక్ మెమోల ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు వేరే డబ్బల పూర్తిగ ఉంది. మన దగ్గర ఇది ఇంటింటికి ఉన్న జబ్బే. ఆమె ఒక్క చూపుల పట్టేసింది, "తమ్మీ, సీ గ్రేడ్ గురించి ఏడుస్తున్నవ్ గని నీ ట్రాన్‌స్క్రిప్ట్ ఇదే పేరుతోని వెస్‌కు పోతే అక్కడ ఆగుతది, ముందు ఇది చూస్కో" అన్నది. ట్రాన్‌స్క్రిప్ట్ మనం స్కాన్ చేసి పంపేది కాదు, యూనివర్సిటీ నుంచే వెస్‌కు పోవాలె అన్నది గూడ ఆమె చెప్తేనే తెలిసింది, ఏ వరుసల చేయాలెనో తెల్ల కాయితం మీద రాసిచ్చింది. నాకు నెల రోజులు మిగిలినయి ఆమె వల్ల. ఆ ఆఫీస్‌ల నిజంగ ఫీజు తీసుకోవాల్సిన మనిషి ఎవరన్న ఉన్నరంటే ఆ అక్కనే.

చిన్న చిన్నయి. బండి పెట్టుకోను జాగ లేదు, కింద మెడికల్ షాపాయన అరుస్తడు. ఫోన్ చేస్తె ఎత్తరు, వాట్సాప్‌ల మాత్రం రోజుకు రెండు "కంగ్రాచులేషన్స్" పోస్టర్లు పెడ్తరు, నాకు అడ్మిట్ వచ్చిందని తెలిసి నా ఫొటో గూడ అడిగిండ్రు మెట్ల పొంటి పెట్టుకోను, ఇయ్యలే. ఒరిజినల్స్ ఎప్పుడు ఇయ్యకుండ్రి, మా ఊరి పిలగాడు ఇచ్చి తిరిగి తెచ్చుకోను నాలుగుసార్లు తిరిగిండు. పోవాల్సే వస్తే సోమవారం వద్దు, తండ్లాట ఎక్కువ, మధ్యాహ్నం మూడు దాటినంక పోండి, అక్క ఖాళీగ ఉంటది.

నేను వాళ్లకిచ్చిన జిరాక్స్ సెట్ మాత్రం వాపస్ తెచ్చుకున్న. మూడో సెమ్ మెమో మీద ఎర్ర గుండ్రం అట్లనే ఉంది, మూడు వరుసలు. టీవీ కింద పెట్టిన, మొన్న చూస్తె దాని వెనక నాయిన ఈ కాపు బత్తాయి లెక్క రాసుకున్నడు, టన్నులు ఎన్ని, తరుగు ఎంత తీసిండు, బేరగాడు ఇంకా ఎంత బాకీ ఉన్నడు అని.